సూటిగా అడగండి, చెంతనే ఉండండి

హాస్టల్ నుంచి నా ఓపీకి వచ్చే ఆడపిల్ల ‘బతకాలని లేదు’ అని చెప్పదు. తలనొప్పి, గుండెదడ, నిద్ర పట్టట్లేదు అంటుంది. పరీక్షలన్నీ నార్మల్ అని పంపేస్తే ఆ బాధంతా మళ్లీ హాస్టల్ గదికే చేరుతుంది.

జనగామ, మానుకోట (మహబూబాబాద్), భూపాలపల్లి పల్లెల నుంచి వచ్చేవాళ్లలో చాలామంది తమ ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లు. నాన్న చేసిన అప్పు వాళ్లకు తెలుసు. అందుకే ఫోన్లో ‘అంతా మంచిగనే ఉంది’ అంటారు.

ఎవరూ పోల్చుకోకుండా ఇద్దరు ముగ్గురి సంగతులు కలిపి చెబుతున్నాను. తండా నుంచి వచ్చిన డిగ్రీ అమ్మాయి. మండుటెండల్లోనూ పొడుగు చేతుల డ్రెస్సు. బీపీ చూడబోతే చెయ్యి వెనక్కి లాక్కుంది. ‘గాలి సోకినట్టుంది మేడమ్’ అంది తల్లి. ఆమెను కాసేపు బయట కూర్చోమని, ‘చచ్చిపోవాలని ఎప్పుడన్నా అనిపించిందా తల్లీ?’ అని అడిగాను. చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ చాలాసేపు ఊరుకుంది. ‘రోజూ అనిపిస్తది మేడమ్. ఇట్ల ఎవ్వలూ అడగలే’ అంది. చిన్నప్పుడు దగ్గరి బంధువు చేసిన అఘాయిత్యం, పరువు పోతుందని ఇంట్లో నోరు నొక్కేయడం ఆ తర్వాత బయటికొచ్చాయి. కౌన్సెలింగ్, మందులు, హింసకు గురైన ఆడవాళ్లకు అండగా ఉండే సఖి కేంద్రం తోడు, అన్నిటికీ మించి కూతురి మాట నమ్మిన తల్లి. నెమ్మదిగా కోలుకుంది.

చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని చాలామంది భయపడతారు. అది అపోహేనని పరిశోధనలు తేల్చాయి. ఆ అమ్మాయి పొడుగు చేతుల కింద దాచుకున్నవి తనకు తాను చేసుకున్న గాయాలే. అలా గాయపరచుకోవడం నాటకమూ కాదు, నేరమూ కాదు. ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలనీ, శిక్షించకూడదనీ 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. విశాఖలో చనిపోయిన ఒక విద్యార్థిని తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో, వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థల్లో అర్హత గల కౌన్సెలర్ ఉండాలంది.

మానుకోటలో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. వైద్యం దగ్గరికొచ్చింది. కానీ ఆ పిల్లను అక్కడిదాకా తీసుకొచ్చే మనిషి కావాలి. అది రూమ్మేట్ కావచ్చు, వార్డెన్ కావచ్చు, లెక్చరర్ కావచ్చు. పక్కకు పిలిచి అడగండి. అవునంటే తిట్టకండి, ఒట్లు వేయించుకోకండి, ఒంటరిగా వదలకండి. వెంటబెట్టుకొని డాక్టరు దగ్గరికి రండి. టెలీ మానస్ 14416కి రాత్రీపగలూ ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ నంబరు ప్రతి హాస్టల్ గోడ మీదా రాయించండి.