నా వంటిల్లు కొంచెం కొంచెంగా

కరెంటు పెట్టడం అయిపోయిన రోజు నుంచీ చుట్టాలందరిదీ ఒకటే మాట. "గండం గడిచింది, ఇంక మామూలే గదా!" ఆపరేషను, 8 కీమోలు, 15 రోజుల రేడియేషను అయ్యాక ఆ మాట వినడానికి బాగానే ఉంటుంది. కానీ రొమ్ము క్యాన్సరుకి వైద్యం చేయించుకున్న ఏ ఆడమనిషినైనా అడగండి, ఆ "మామూలు" ఎక్కడ పోయిందో వెతుక్కోవడమే పెద్ద పని.

మా గూడూరు నుంచి చెన్నైకి రైల్లో రెండు మూడు గంటలు. అందుకే నేను అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లాను. చెల్లెల్ని క్యాన్సరుకే పోగొట్టుకున్న డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారి పట్టుదలతో 1954లో మొదలైన ఆసుపత్రి అది. రైల్లో తలకి గుడ్డ కట్టుకున్న మనిషి కనిపిస్తే కొంచెం జరిగి చోటిస్తాం. అంతకుమించి మాటలుండవు.

ముందు నోటి సంగతి. నిమ్మకాయల ఊళ్లో ఉండి నిమ్మకాయ తినలేకపోయాను. కీమో నాళ్లలో నోరంతా పుండ్లు. బస్తాల లారీ వీధిలో పోతే ఆ వాసనకే నోరు మండినట్టుండేది. మూడు పూటలా చప్పిడి పెరుగన్నమే. ఆఖరి కీమో అయిన చాన్నాళ్లకి ఒక పొద్దున నిమ్మకాయ పులిహోర రెండు ముద్దలు మండకుండా దిగాయి. ఆ తేదీ క్యాలెండర్లో రాసుకున్నా.

నోటికన్నా చెయ్యి మొండిది. ఎడమ రొమ్ముతో పాటు చంకలోని లింఫు గ్రంథులు కూడా తీశారు. అందువల్ల చేతిలో నీరు చేరి వాపు రావచ్చు, చిన్న గాయమైనా ముదరొచ్చు. ఆ చేతికి బీపీ పట్టీ, సూదులు వద్దన్నారు. బిగుతు గాజులు తీసేశాను. గోడకి ఎదురుగా నిలబడి వేళ్లతో పైకి పాకించే వ్యాయామం రోజూ చేసేదాన్ని. పిల్లల ఎత్తు గీసినట్టు బీరువా పక్క గోడ మీద పెన్సిలు గీతలు. ఎడమ చెయ్యి దండెం అందుకున్న రోజు తడిచీర నేనే ఆరేశాను. టైలరమ్మ జాకెట్టు లోపల జేబు కుట్టి దూది మెత్త పెట్టేట్టు చేసింది. దాని గురించి ఇద్దరం ఎక్కువ మాట్లాడుకోలేదు.

అసలు చిక్కు వంటింట్లో వచ్చింది. నేను మంచాన ఉన్నన్నాళ్లూ మా అత్తే వండింది. ఆమెకి డెబ్బై దాటాయి. నేను లేచి వెళితే, "నువ్వు ఎత్తబాక, నేనుండాను గదా" అని చేతిలో గిన్నె లాక్కునేది. మొదట్లో హాయిగా ఉండేది. తర్వాత ఇంగువ డబ్బా ఎక్కడుందో నాకే తెలియకుండా పోయింది. నా ఇంట్లో నేను చుట్టంలాగా ఉన్నాను.

ఒక రాత్రి అడిగేశాను. "అత్తా, ఇట్ట కూర్చోబెడితే నేను రోగిష్టిదాన్నే అయిపోతాను."

ఆమె గిన్నెలు తుడుస్తూనే ఉంది. "నీ చెయ్యి వాచిందంటే నేను చూళ్లేనమ్మాయ్. నువ్వు ఆ కీమో నాళ్లలో పడుకోనుంటే, రాత్రిళ్లు లేచి ఊపిరి ఆడతా ఉందా లేదా అని చూసేదాన్ని."

నాకు ఆ సంగతి తెలియదు. ఇద్దరం ఏడ్చాం, ఆపైన పంచుకున్నాం. పొయ్యి, తాలింపు నావి. పచ్చళ్లు ఆమెవి. రొయ్యలు ఒలవడం, చేపలు బాగుచెయ్యడం నాకు బంద్, ముల్లు గుచ్చుకుంటే కష్టం. గ్రైండరు గుండు, నీళ్ల బిందె మా ఆయనకీ అబ్బాయికీ అప్పజెప్పాం. డెబ్బై ఏళ్ల మనిషి ఎత్తగలిగితే వాళ్లు ఎందుకు ఎత్తలేరు? నిజం చెప్పాలంటే ఈ పని ఇరవై ఏళ్ల క్రితమే జరగాల్సింది.

టామాక్సిఫెన్ మాత్ర మాత్రం ఐదేళ్లపాటు రోజూ వేసుకోవాలి. ఒళ్లంతా ఉన్నట్టుండి సెగలొస్తాయి, చలికాలంలోనూ ఫ్యాను వేసుకుంటాను. చెకప్పుకి వారం ముందు నుంచి నిద్ర ఉండదు. ఎక్కడ నొప్పి తగిలినా మనసు అక్కడికే పోతుంది. ఆ రోజుల్లో పప్పు ఏరుకుంటూ కూర్చుంటాను. శుభ్రంగా ఉన్న పప్పే, అయినా ఏరతాను. అత్త చూసి ఏమీ అనదు, ఇంకో చాట తెచ్చుకుని పక్కన కూర్చుంటుంది.

ఈ ఆదివారం మా ఆయన చేపలు తెస్తానన్నాడు. అక్కడే బాగుచేయించి తెమ్మన్నాను. మామిడికాయ వేసి పులుసు నేనే పెడతాను. ఉప్పు మాత్రం అత్త చూడాలి, నా నాలుకకి ఇంకా సరిగ్గా తెలియడం లేదు.