చిట్టాలో అసలు మాట

లాగ్ అంటే కంప్యూటర్ రాసుకునే చిట్టా. ‘చిట్టా’ అనే మాట నేను గుడి తెలుగు తరగతిలో నేర్చుకున్నాను. ఎప్పుడు ఏం జరిగిందో వరుసగా రాసేదే చిట్టా.

మనవాళ్లకు చిట్టాలు కొత్త కాదు. మద్రాసు నుంచి ఫిజీకి కూలీల ఓడలు 1903లో మొదలయ్యాయి. ఓడ ఎక్కిన ప్రతి మనిషికీ ఒక పాస్ రాశారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటిమీద గుర్తు అందులో ఉంటాయి. మా ముత్తాత ఊరు మాకు తెలిసింది ఆ ఒక్క కాగితం వల్లే.

హారిసన్‌లో మా ఇంట్లో అలాంటి పాస్‌ల నకళ్లను స్కాన్ చేసి దాస్తున్నాను. నా కంప్యూటర్‌లో ఉన్నది లినక్స్. స్కానర్ వైఫైతో పనిచేస్తుంది. కొత్త రూటర్ పెట్టిన రోజు నుంచి స్కానర్ పలకలేదు. చిట్టా తెరిచి చూస్తే ఒకటే వాక్యం: స్కానర్ దొరకలేదు. సెకనుకు ఒకసారి, అంటే రోజుకు 86,400 సార్లు!

కొత్త రూటర్ స్కానర్‌కు కొత్త చిరునామా ఇచ్చింది. స్కానర్‌ను వెతికే ప్రోగ్రామ్ మాత్రం ఇంకా పాత చిరునామాకే వెళ్తోంది. చుట్టాలు ఇల్లు మారారని తెలియక పాత ఇంటి తలుపు తట్టినట్టు!

చిట్టా రాసే జర్నల్‌డీకి ఒక హద్దు ఉంది. మామూలుగా ఒక ప్రోగ్రామ్ 30 సెకన్లలో 10,000 వాక్యాలు దాటితేనే అది ఆపుతుంది. ఇక్కడ 30 సెకన్లకు 30 వాక్యాలే. అందుకే ఆపలేదు. కానీ చిట్టా నిండితే పాత వాక్యాలు చెరిగిపోతాయి. అసలు ప్రమాదం అదే.

మీకూ ఇలా జరిగితే ఈ వరుసలో చేయండి:

1. ఆ వాక్యం రాస్తున్న ప్రోగ్రామ్ పేరు చూడండి.
2. ఆ ప్రోగ్రామ్‌ను కాసేపు ఆపండి. చిట్టా నిమ్మళించిందా?
3. రూటర్‌లో స్కానర్‌కు ఎప్పుడూ మారని చిరునామా ఇవ్వండి. అదే చిరునామాను ప్రోగ్రామ్‌కూ చెప్పండి.
4. మిగిలిన చిట్టాలో తప్పుల వాక్యాలు మాత్రమే చదవండి.

నాలుగో పని మానకండి. ఆ గోల తగ్గాక నాకు ఇంకో వాక్యం కనిపించింది: హార్డ్ డిస్క్‌లో కొంత భాగం చదవడం కుదరలేదు. పాస్‌లన్నీ ఆ డిస్క్‌లోనే ఉన్నాయి! ఆ రాత్రే వాటిని ఇంకో డిస్క్‌లోకి ఎక్కించాను. ఒక్కటీ పోలేదు.

మీ ఇంట్లో పాత కాగితాలు ఉంటే స్కాన్ చేయండి. రెండు నకళ్లు రెండు చోట్ల దాచండి.