అమ్మ ప్రయాణము

షికాగోలో నున్న మా చెల్లెలు నిండుచూలాలు. పురుటికి అమ్మ వెళ్లవలెను. టిక్కెట్టు కూడ కొంటిమి. ఇంతలో 2025 నవంబరు 5వ తేదీ, కార్తిక పున్నమినాటి ఉదయమున, ఆ దేశములోని లూయీవిల్లునందు సరకుల విమాన మొకటి నేల విడుచుచుండగనే యెడమ ఇంజను ఊడి, మంటలతో కూలెనని వార్త వచ్చెను. ముగ్గురు సిబ్బందియు, నేలమీదివారు పలువురును మరణించిరి. పగలంతయు నుపవాసముండిన అమ్మ చంద్రోదయమైన పిమ్మటను విస్తరి ముందు కూర్చుండలేదు. "ఇంజనే ఊడిపోవునట్టి వాహనము నెట్లెక్కుదునే?" అని యడిగెను.

నాకు తెలియనిదానికి ధైర్యము చెప్పుట కల్లలాడుటయే యని తోచి, మరునాడు అశోకనగరమునుండి చిక్కడపల్లి గ్రంథాలయమునకు పోయి చదివితిని.

షికాగోలోనే 1979 మే 25న ఇట్టి ఘోరము జరిగినది. డీసీ-10 విమానపు ఎడమ ఇంజను ఊడి, 273 మంది మరణించిరి. మరమ్మతు చేయునపుడు ముందు ఇంజనును, తరువాత దానిని రెక్కకు పట్టియుంచు చట్రమును విప్పవలెను. కాలము కలిసివచ్చునని రెంటిని కలిపి ఫోర్కులిఫ్టుతో దించి యెక్కించిరి. చట్రము బీటవాఱెను. ఎనిమిది వారములకు తెగెను. జంట ఇంజనుల విమానము ఒకటి ఆగినను రెండవదానితో నెగురునట్లు నిర్మింతురు. కాని ఆగుట వేరు, ఊడుట వేరు. ఊడిన ఇంజను గొట్టములను తెంపుకొనిపోగా, ఆ రెక్క యంచు పలకలు ముడుచుకొనెను. ఆ సంగతి చోదకులకు తెలియనే లేదు.

సోదరీమణులారా! ఉయ్యాలబల్లను ముందు విప్పక గొలుసులతో సహా ఎత్తిలాగినచో దూలపు కొక్కెము నొగులును. పైకి కానరాదు; పిల్లలూగునాడు తెగును. అమ్మ కిట్లే చెప్పితిని. లూయీవిల్లు విమానపు ఇంజను బిగింపులందును బీటలు కనబడినవనియు, అట్టి విమానముల నన్నిటిని వెంటనే నిలిపివేసిరనియు దాచక చెప్పితిని.

"ఆ బీట చూచువారెవరు?" అని అమ్మ యడిగెను.

నవంబరు 26న మన శంషాబాదులోనే సఫ్రాన్ సంస్థవారి ఇంజనుల మరమ్మతుశాల ప్రారంభమయ్యెను. అటువంటి పని నేర్చుకొనుచున్న నారాయణగూడ పిల్లవాడొకడు, మావారి శిష్యుడు, ఆ వారముననే మా యింటికి వచ్చెను. అమ్మ యతనినే యడిగెను. "ముఖ్యమైన పని యొకరు చేసి సంతకము చేయుదురు, బామ్మగారూ! వేరొకరు చూచి మరల సంతకము చేయుదురు" అని యతడు చెప్పెను.

అమ్మ లోనికి పోయి, చెల్లెలికై చేసిన సున్నియుండలలో నాలుగు తెచ్చి అతని చేతబెట్టి, "ఇంటికి పోవు వేళయైనదని సంతకము చేయకు నాయనా!" అనెను.

మార్గశిరమున అమ్మ విమాన మెక్కెను. ఆమె చేరితినని ఫోనులో చెప్పువరకు నేనును భోజనము చేయలేదు.