అరచెక్క నిమ్మ... ఓ గ్లాసు నన్నారి!

నంద్యాల ఎండకు మొహమాటం లేదు. ఏప్రిల్ సగం దాటిందంటే 44, 45 డిగ్రీలు ఇక్కడ వార్తే కాదు. తూర్పున నల్లమల, పడమర ఎర్రమల... మధ్యలో కుందూ నది లోయ. ఆ లోయలో ఊరు. గాలి వీచినా పెనం మీంచి వచ్చినట్టే ఉంటుంది. అలాంటి మధ్యాహ్నం ఆర్టీసీ బస్టాండులో దిగి నాలుగడుగులు వేస్తే చాలు, కాళ్లు వాటంతటవే సోడా బండి వైపు తిరుగుతాయి.

బండి మీద సరంజామా పెద్దగా ఉండదు. పసుపూ ఆకుపచ్చా కలిసిన నిమ్మకాయల గుట్ట, తడిగుడ్డ కప్పిన ఐసుగడ్డ, నానబెట్టిన సబ్జా గింజల గిన్నె, పక్కనే ముదురు గోధుమరంగు పాకం నింపిన సీసా. ఆ సీసాలో ఉన్నదే అసలు సంగతి... నన్నారి.

‘‘నిమ్మకాయ పిండాల్నా అన్నా? సబ్జా ఎయ్యాల్నా?’’

రెండింటికీ తలూపితే అర నిమిషంలో గ్లాసు చేతికొస్తుంది. మొదటి గుక్కలో వెనిలాలాంటి తియ్యటి వాసన. దాని వెనకే తొలకరికి తడిసిన మట్టి, చెక్కిన కర్ర గుర్తొస్తాయి. చివర్లో నిమ్మ నాలుకను చురుక్కుమనిపిస్తుంది. కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల వాళ్లకు ఇది చెప్పాల్సిన పనిలేదు. కోస్తా నుంచి వచ్చే చుట్టాలకే చెప్పాలి.

వెనిలా గుర్తుకురావడం భ్రమ కాదు. నన్నారి వేరుకు ఆ వాసనిచ్చే పదార్థం పేరు పలకడం కష్టం... 2-హైడ్రాక్సీ-4-మిథాక్సీ బెంజాల్డిహైడ్. వెనిలాకు వాసనిచ్చే వెనిలిన్‌లో ఏయే పరమాణువులు ఎన్నున్నాయో ఇందులోనూ అవే ఉంటాయి, అన్నే ఉంటాయి. అమరికే వేరు. తల్లి ఒకటే, పోలికలు వేరైన అక్కచెల్లెళ్లన్నమాట!

పిండిన నిమ్మ... పిండి పెట్టిన నిమ్మ

నన్నారిలో నిమ్మ ఎందుకు? ఒట్టి పాకం నీళ్లలో కలిపి తాగితే రెండు గుక్కలకే మొహం మొత్తుతుంది. తీపి, వేరు వాసన రెండూ బరువైనవి. వాటిని పైకి లేపడానికి పులుపు కావాలి. పులుపుతో పాటు తొక్కలోని నూనె కూడా కావాలి. నిమ్మ వాసనంతా ఉండేది రసంలో కాదు, తొక్క మీది చిన్న చిన్న నూనె తిత్తుల్లో. అందుకే చెక్క మరలో నొక్కితే వచ్చే ఘుమఘుమ వేళ్లతో పిండితే రాదు. అలాగని పిప్పయ్యేదాకా నొక్కినా చేదే.

ఇంకో విషయం ఉంది. నిమ్మజాతి పండ్ల రసాన్ని పిండి నిలవపెడితే కాసేపటికి చేదెక్కుతుంది. పండులో చేదు లేని పదార్థమొకటి రసంలోని పులుపుతో కలిసి మెల్లమెల్లగా లిమొనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది. బత్తాయి రసం తీసి ఫ్రిజ్‌లో పెట్టిన ఇల్లాలికి ఇది అనుభవమే. కాబట్టి పొద్దున్నే పిండి సీసాకెత్తిన రసం పోసే బండి కంటే, మన కళ్లెదుటే కాయ కోసే బండి ఎప్పుడూ మేలు. ఈ ఒక్క విషయంలో నేను మొండి. కాయ కోయకపోతే ముందుకెళ్లిపోతా.

ఎందుకంటే మూడో రకం బండ్లు కూడా వచ్చాయి. వాటి మీద నిమ్మకాయలు అలంకారానికే. గ్లాసులోకి వెళ్లేది ఎసెన్సు, పులుపు కోసం నిమ్మఉప్పు. నన్నారి పాకంలోనూ వేరుకు బదులు ఎసెన్సు, రంగు. ధర తక్కువ, వాసన ఘాటు. కాయ ఖరీదు మండే వేసవిలో బండాయన మీద కోప్పడటం కూడా న్యాయం కాదేమో. కానీ నోట్లో మాత్రం గిన్నెలు తోమే సబ్బు గుర్తొస్తుంది. ఏళ్లుగా ప్రతి సబ్బుకూ నిమ్మ పరిమళం పూసి అమ్ముతుంటే, ముక్కు మాత్రం ఏం చేస్తుంది?

నిమ్మ లేని నిమ్మ వాసన

నిమ్మ పిచ్చి మనకే పరిమితం కాదు. ప్రపంచంలో బీరు కాచేవాళ్లు కూడా అయిదు దశాబ్దాలుగా ఈ వాసన వెంటే పడుతున్నారు. ఆదివారం పూట బీరు గొడవేంటని ఇంట్లో పెద్దవాళ్లు విసుక్కోకండి. తాగమని చెప్పడానికి కాదు. ఆ కథలో మన నన్నారికి పనికొచ్చే ముక్క ఒకటుంది.

బీరులో చేదు ఎక్కడిదనుకుంటున్నారు? హాప్స్ అనే తీగకు కాసే ఆకుపచ్చ పూలగుత్తులది. చల్లటి దేశాల పంట. మన దేశంలోనూ హిమాచల్‌ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో 1970ల నుంచీ పండిస్తున్నారు. అమెరికాలోని ఒరెగాన్‌లో 1956లో వేసిన విత్తనం నుంచి వచ్చిన ఓ మొక్కను ఏళ్ల తరబడి పరీక్షించి, 1972లో ‘కాస్కేడ్’ పేరుతో రైతులకిచ్చారు. వాళ్లకు కావలసింది బూజు తెగులును తట్టుకునే రకం. దానికి తోడు పంపరపనస తొక్క వలిచినట్టుండే వాసన కూడా వచ్చింది. 1980లో కాలిఫోర్నియాలో మొదలైన సియెర్రా నెవాడా కంపెనీ ఆ వాసననే పట్టుకుని పేరు తెచ్చుకుంది. ఆ తర్వాత సిట్రా, మొజాయిక్... ఒకదాన్ని మించి ఒకటి. ఒక్క నిమ్మకాయైనా పిండకుండా నిమ్మ, నారింజ, మామిడి వాసనలన్నమాట.

బెల్జియం వాళ్లది ఇంకో దారి. వాళ్ల గోధుమ బీరులో నారింజ తొక్క, ధనియాలు వేస్తారు. అవును, మన చారులో వేసే ధనియాలే! ధనియాలకు ఆ కమ్మదనం ఇచ్చే లినలూల్ అనే పదార్థం హాప్స్‌లోనూ ఉంటుంది. మూలుగుతున్న ఆ పద్ధతిని 1960లలో హూగార్డెన్ అనే ఊళ్లో పియెర్ సెలిస్ అనే పెద్దమనిషి మళ్లీ నిలబెట్టాడు. జర్మనీలో అయితే బీరులో సగానికి సగం నిమ్మ సోడా కలిపేసి ‘రాడ్లర్’ అంటారు. సైకిల్ తొక్కేవాడు అని దానర్థం.

బెంగళూరులో అక్కడికక్కడే కాచి పోసే చోట ఈ కొత్త హాప్స్ రుచి చూశాను. నా అభిప్రాయం అడిగితే... ముక్కుకు పండగే. గ్లాసు దగ్గరికి తేగానే పంపరపనస. కానీ నాలుక పులుపు కోసం ఎదురుచూస్తుంది, అది రాదు. దాని బదులు చేదు వస్తుంది. హాప్స్ మరీ ఎక్కువ వేసిన రకాలైతే వేప్పుల్ల నమిలినట్టే. ధనియాలు వేసింది మాత్రం పొందికగా ఉంది. ఇక విడిగా ‘లెమన్ ఫ్లేవర్’ కలిపి సీసాల్లో అమ్మేవి అస్సలు మింగుడుపడలేదు. మళ్లీ అదే సబ్బు!

వాసన పువ్వుదో వేరుదో కాయదో అయితే అది ఒక్క పొర మీద ఆగదు. ముందొకటి, వెనకొకటి వస్తుంది. ఎసెన్సుది ఒకే కేక. నంద్యాల సోడా బండి దగ్గరా బెంగళూరు బల్ల దగ్గరా నాకు తేలిందిదే. అయితే హాప్స్ తీగకూ మన నన్నారి తీగకూ పెద్ద తేడా ఒకటుంది. అది తెలియాలంటే ఆళ్లగడ్డ దారి పట్టాలి.

ఎడమ చేతి వైపు నల్లమల

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు రైలు లేదు. కర్నూలు నుంచి కడప, చిత్తూరు వైపు వెళ్లే 40వ నంబరు జాతీయ రహదారి మీద బస్సే గతి. నలభై కిలోమీటర్ల పైచిలుకు. శిరివెళ్ల దాటుతుంటే కుడి చేతి వైపు వరి, శనగ, పత్తి పండే నల్లరేగడి. ఎడమ చేతి వైపు దూరంగా నీలంగా నల్లమల. కిటికీ పక్క సీటు కావాలంటే ఎడమ వైపే అడగండి.

ఆ కొండల్లోంచే వస్తుంది నన్నారి. అసలు నన్నారి అంటే సుగంధిపాల తీగ వేరు. సన్నగా, పెన్సిలంత ఉంటుంది. కానీ మన ప్రాంతంలో షర్బత్‌కు ఎక్కువగా వాడేది దాని చుట్టమైన మారేడు గడ్డల్ని. శివుడికి పెట్టే మారేడు పత్రికి దీనికి సంబంధం లేదు. ఇదీ తీగే. రాళ్ల సందుల్లో పెరుగుతుంది. వేళ్లు ముల్లంగిలా లావుగా ఊరతాయి. వాసన పదార్థం రెండింటిలోనూ ఒకటే. చెంచులు అడవిలో తవ్వి తెస్తే గిరిజన సహకార సంస్థ కొంటుంది. ఇదే గడ్డను కొందరు ముక్కలు కోసి పచ్చడి కూడా పెడతారు.

చిక్కు ఇక్కడే ఉంది. హాప్స్ తీగకు కోసేది పూలగుత్తి. వేరు భూమిలోనే ఉంటుంది, మరుసటేడు మళ్లీ చిగురిస్తుంది. అలా ఇరవై ఏళ్లయినా కాస్తుంది. మారేడు తీగలో మనక్కావలసింది వేరే. గడ్డ మొత్తం పెకిలిస్తే ఇక తీగే లేదు. వెనకటి చెంచులు కొంత గడ్డ తీసి కొంత వదిలేసేవాళ్లని చెబుతారు. బయటి గిరాకీ పెరిగాక, బయటివాళ్లూ గునపాలు పట్టాక ఆ ఓపిక ఎక్కడ మిగిలింది? అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఈ మొక్కను అంతరించిపోయే ముప్పున్న వాటి జాబితాలో చేర్చింది.

కాబట్టి ‘ఎసెన్సు వద్దు, వేరే కావాలి’ అని మనం గట్టిగా అడిగితే మరో చోట గునపం దిగుతుంది. అడగకపోతే గ్లాసులో సబ్బు వాసనే గతి. మధ్యేమార్గం పొలంలో పండించడమే. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఈ మొక్కను టిష్యూకల్చర్‌లో పెంచే పద్ధతులు ఎప్పుడో రూపొందించారు. ల్యాబు నుంచి రాళ్ల చేలల్లోకి రావడమే మిగిలింది. 1906 నుంచీ వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉన్న ఊరు నంద్యాల. వరి, పత్తి, శనగల్లో ఇక్కడి రకాల పేర్లు రైతుల నోళ్లలో ఉన్నాయి. ఓ తీగను పొలానికి అలవాటు చేయడమంటే ఏంటో ఈ ఊరికి ఎవరూ నేర్పక్కర్లేదు.

వేరు పోయి వాసన మిగిలిన కథ అమెరికాలో ఒకటుంది. చార్లెస్ హైర్స్ అనే మందుల దుకాణదారు 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ‘రూట్ బీర్’ పరిచయం చేశాడు. పేరుకే బీరు, మత్తుండదు. అది కూడా వేళ్ల పానీయమే, అందులో మన సుగంధికి పోలికైన సార్సపరిల్లా ఒకటి. ముఖ్యమైన వాసన సాసఫ్రాస్ వేరు బెరడుది. దానిలోని సాఫ్రోల్ ఆరోగ్యానికి మంచిది కాదని 1960లో నిషేధించారు. అప్పటి నుంచి చాలా సీసాల్లో ఉన్నది తయారు చేసిన వాసనే. ఇప్పటి పిల్లలకు అదే అసలు రుచి. వాళ్ల నాలుకకు పోల్చుకోవడానికి ఇంకోటి లేదు.

చెంచుల ఇంటి అల్లుడు

ఆళ్లగడ్డలో బస్సు దిగగానే చెవిన పడేది ఉలి చప్పుడు. దేశంలో ఎక్కడ గుడి కట్టినా ఇక్కడి శిల్పుల చేతి విగ్రహం ఒకటి ఉండే అవకాశం ఎక్కువ. రాతిపొడి గొంతులో పడుతుంటే నిమ్మ సోడా విలువ ఇంకాస్త తెలుస్తుంది. ఒకప్పుడు ఇక్కడా గోలీసోడానే. ఇంగ్లండుకు చెందిన హైరమ్ కాడ్ 1872లో పేటెంటు తీసుకున్న సీసా అది. గ్యాసు ఒత్తిడికి గోలీ వెళ్లి మూతికి బిగుసుకుంటుంది, అంతే. జపానులో ఇప్పటికీ అదే సీసాలో ‘రామునే’ అమ్ముతారు. ఆ మాట ‘లెమనేడ్’ నోరు తిరక్క వచ్చిందే! మన గోలీసోడా 2025లో కొత్త ముస్తాబుతో అమెరికా, బ్రిటన్, గల్ఫ్ దేశాలకు ఎగుమతైంది.

ఇక్కడి నుంచి అహోబిలం సుమారు పాతిక కిలోమీటర్లు. చెంచులక్ష్మిని పెళ్లాడిన నరసింహుడు చెంచులకు అల్లుడు. సంక్రాంతి వేళ పారువేటకు బయల్దేరిన ఉత్సవమూర్తులు నలభై రోజులకు పైగా చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగొస్తారు. బ్రహ్మోత్సవాలకు అత్తవారిని పిలవడానికి స్వామే స్వయంగా వెళ్తాడని నమ్మకం. ఆ అత్తవారు తవ్వి తెచ్చిన గడ్డే మన గ్లాసులోనూ ఉంది. ఎగువ అహోబిలం మెట్లెక్కి దిగాక తాగే షర్బత్‌కు మరో రుచి ఎందుకొస్తుందో భక్తులనే అడగండి.

ఇంటికి సీసా కొనుక్కెళ్లేవాళ్లు రంగు చూసి మోసపోవద్దు. వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. పదార్థాల్లో వేరు రసం ఉందా, లేక చక్కెర, రంగు, ‘యాడెడ్ ఫ్లేవర్’ మాత్రమేనా అన్నది అక్కడ తెలుస్తుంది. కలిపే కొలత నాకు నచ్చింది ఇది: ఒక వంతు పాకానికి అయిదు వంతులు చల్లటి సోడా, అరచెక్క నిమ్మ, చిటికెడు ఉప్పు, చెంచాడు నానిన సబ్జా. సోడా అన్నిటికన్నా చివర పొయ్యండి. గరిటె పెట్టి గిరగిరా తిప్పకండి, గ్యాసంతా పోతుంది.