అపాయింట్‌మెంట్: మా భోపాల్‌పట్నం వైపు నుంచి

జీఎస్ పేపర్-2లో ఆరోగ్య సేవల ప్రశ్న రాగానే మనలో చాలామంది కలం ఒకే దారిలో నడుస్తుంది: ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ పెంచాలి, క్యూలు తగ్గించాలి. ఉదాహరణలకు కొదవ లేదు. 2015 జులైలో డిజిటల్ ఇండియాతో పాటు వచ్చిన ఓఆర్‌ఎస్ పోర్టల్, 2021 సెప్టెంబర్ 27న మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వచ్చే ఓపీ టోకెన్. ఇవన్నీ మంచివే. కాకపోతే క్యూ అనేది డాక్టర్ ఉన్నచోట ఉండే సమస్య.

మాది ఛత్తీస్‌గఢ్, బీజాపూర్ జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, చుట్టుపక్కల పల్లెల్లో దోర్లీ, గోండి. ఊళ్లో ఉన్న ఆస్పత్రితో కాకపోతే మాకు రెండు దారులు. ఒకటి బీజాపూర్ మీదుగా జగదల్‌పూర్. రెండోది తార్లగూడ దాటి, వాజేడు మీదుగా గోదావరి వంతెన ఎక్కి, ఏటూరునాగారం, ములుగు, వరంగల్. మా అమ్మమ్మ ఎప్పుడూ రెండో దారే పడుతుంది. "నొప్పి ఎక్కడున్నదో హిందీల చెప్పుడు నాకు రాదు బిడ్డా" అంటుంది. భాష అడ్డంకి అని నోట్స్‌లో రాసుకునేది ఇదే.

2019లో ఆమెకు పిత్తాశయంలో రాళ్లు తీయించాల్సి వచ్చింది. అప్పటికే ఆయుష్మాన్ భారత్ వచ్చింది, దేశంలో ఎక్కడైనా చెల్లుతుందన్నారు. కానీ తెలంగాణ ఆ పథకంలో చేరింది 2021లో. మామయ్య ఎడ్ల జత అమ్మి వరంగల్‌లో ఆపరేషన్ చేయించాడు. పోర్టబిలిటీ అనే మాట చదివినప్పుడల్లా నాకు ఆ ఎడ్లే గుర్తొస్తాయి.

తర్వాత కంటి చూపు కోసం ఒక పెద్ద ఆస్పత్రిలో ఆన్‌లైన్‌లో తారీఖు తీసుకున్నాం. ఆధార్‌కు లింకైన నంబర్ మామయ్యది, కాబట్టి ఆయన పొలం నుంచి వచ్చేదాకా ఓటీపీ కోసం ఆగాం. ఉదయం 9:30కి స్లాట్. అంత పొద్దున చేరే బస్సు లేక ముందురోజే వెళ్లి తెలిసినవాళ్లింట్లో పడుకున్నారు. తెల్లారి వెళ్తే డాక్టర్ సెలవు. ఆ మెసేజ్ ఫోన్‌కు వచ్చిందట, దారిలో సిగ్నల్ ఉంటే కదా! ఇద్దరి బస్ చార్జీలు, మామయ్య రెండు రోజుల కూలి పోయాయి. రోగి రాకపోతే స్లాట్ రద్దవుతుంది. డాక్టర్ రాకపోతే ఏమవుతుందో ఏ పోర్టల్‌లోనూ కనిపించదు.

దేశంలో మొదటి హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్‌ను ప్రధాని 2018 ఏప్రిల్ 14న ప్రారంభించింది మా జిల్లాలోనే, జాంగ్లాలో. (ప్రిలిమ్స్‌కూ పనికొస్తుంది, రాసిపెట్టుకోండి.) ఇలాంటి కేంద్రాల నుంచే ఈ-సంజీవనిలో వీడియో ద్వారా డాక్టర్‌తో మాట్లాడిస్తారు. పక్కన కూర్చున్న హెల్త్ ఆఫీసర్ రోగి మాటను డాక్టర్‌కు అందేలా చెప్పగలిగితే, 9:30 స్లాట్ కన్నా అది మాకు పెద్ద సాయం.

నాకు బాగా నచ్చింది మాత్రం 2019 అక్టోబర్ 2న మా రాష్ట్రం మొదలుపెట్టిన హాట్ బజార్ క్లినిక్. అంగడి రోజున వైద్య సిబ్బంది బండిలో అంగడికే వస్తారు. తారీఖు అడగక్కర్లేదు, ఓటీపీ లేదు. ఇప్పపువ్వు, చింతపండు అమ్మడానికి జనం ఎలాగూ వస్తారు. అయితే ఆ బండి ప్రతి వారం రావాలి. రెండు వారాలు రాకపోతే మూడో వారం దాని కోసం ఎవరూ చూడరు.

ఇక అసలు అపాయింట్‌మెంట్లు చూసేది మితానిన్. ఆశా పథకం 2005లో వచ్చింది, మితానిన్ 2002లోనే మా రాష్ట్రంలో మొదలైంది. ఆ పేరుకు స్నేహితురాలు అని అర్థం. మా వాడలో గర్భిణులు, ముసలివాళ్లు బయల్దేరే ముందు ఆమెనే అడుగుతారు: "అక్కా, ఇయ్యాల డాక్టర్ సారు ఉన్నడా?" ఆమె నర్సుకు ఫోన్ చేసి కనుక్కుంటుంది. ఉంటే పంపిస్తుంది, లేకపోతే ఎప్పుడు రావాలో చెప్తుంది. ఎవరికి ఏ నెల నిండుతుందో ఆమెకు రిజిస్టర్ చూడకుండానే తెలుసు. ఆ ఫోన్ రీచార్జ్ డబ్బులు మాత్రం ఆమెవే.