అంబులెన్స్ పిల్లల సంఘం

మా చిన్నల్లుడు అంబులెన్స్ నడుపుతాడు. తొమ్మిదేండ్లయింది. సోలాపూర్ల, చుట్టుపక్కల తాలూకాలల్ల కాన్పులు, యాక్సిడెంట్లు, గుండెనొప్పులు అన్నీ చూసిండు. పోయిన నెల ఒక రాత్రి డ్యూటీ దిగి వచ్చి, కాళ్లు కడుక్కోకముందే నన్ను అడిగిండు.

"మామా, మా డ్రైవర్లు, హెల్పర్లు అందరు కలిసి యూనియన్ల చేరుదామంటున్రు. ఆదివారం ఓటు పెడ్తరట. నువ్వు బొంబాయి సంప్ల ఉన్నోనివి. చేరాల్నా వద్దా, చెప్పు."

నేను వెంటనే "వద్దు" అన్న.

ఎందుకు వద్దన్ననో, మళ్ల ఆ మాట ఎందుకు వెనక్కు తీసుకున్ననో ఇక్కడ రాస్తున్న. నేను నాలుగో తరగతి దాకనే చదివిన. తప్పులుంటే సంపాదకులు దిద్దుకోవాలె. మన బస్తీలల్ల మిల్లుకు పోయే పిల్లలు ఇప్పుడు ఎవరున్నరు? అంబులెన్స్, స్కూలు బస్సు, పార్సిల్ బండి, సెక్యూరిటీ, ఇట్ల కాంట్రాక్టు మీద చేసేటోళ్లే ప్రతి ఇంట్ల ఉన్నరు. అందుకే ఇది మా ఒక్క ఇంటి ముచ్చట కాదనిపించింది.

1977ల మా మేనమామ నన్ను ఊరినుంచి బొంబాయికి తీసుకపోయిండు. నాకప్పుడు పద్దెనిమిదేండ్లు. వర్లీల ఒక ఖోలీల పద్నాలుగు మందిమి ఉండేది. ఒక పాళీవాళ్లు పండుకుంటే ఇంకో పాళీవాళ్లు పనిల ఉండేది. నేను బదిలీ కార్మికుణ్ని. పొద్దున భొంగా కొట్టకముందే కార్డు పట్టుకుని గేటు కాడ నిలబడాలె. ఎవరన్న రాకపోతే నాకు సాచా దొరికేది, లేకపోతే తిరిగి ఖోలీకే.

1982 జనవరి 18న సంప్ మొదలైంది. దీపావళి బోనస్ కాడ లేచిన గొడవ, మెల్లగ పగార్ల మీదికి, బదిలీ వాళ్లను పర్మనెంట్ చేసేదాని మీదికి పోయింది. రెండున్నర లక్షల మంది బయటికి వచ్చినం. డాక్టర్ దత్తా సామంత్ మా లీడర్. ఆయన నిజంగ డాక్టరే, ఘాట్కోపర్ దిక్కు రాళ్లు కొట్టే కూలీలకు మందులిచ్చుకుంట యూనియన్లకు వచ్చినాయన. ఆ సంప్ ఫలానా రోజున అయిపోయిందని ఎవరూ చెప్పలేదు. ఈ రోజు దాకా కాగితం మీద అది ఆగలేదు. మిల్లులే ఆగిపోయినయి.

పద్నాలుగు నెలలకు నేను లోపలికి పోయిన. మిల్లువాళ్లు వ్యాను పంపిండ్రు, ముందర పోలీసులు. కిటికీలకు జాలి కొట్టి ఉండె. గేటు కాడ మా మేనమామ నిలబడి ఉన్నడు. నన్ను చూసిండు. తిట్టలేదు, రాయి వేయలేదు. చూసిండు, అంతే. ఆ తర్వాత ఆయన ఊరికి పోయిండు. మా ఇంట్ల పెండ్లిళ్లయినయి, చావులయినయి, ఆయన నాతోని మాట్లాడలేదు. ఆయన పోయినప్పుడు నేను మట్టికి పోయిన, కని పాడె పట్టడానికి ఎవరూ నన్ను పిలవలేదు.

ఇది నేను మా బిడ్డలకు ఎన్నడూ చెప్పలేదు. అల్లుడు నన్ను "సంప్ల ఉన్నోడు" అని దోస్తులకు గొప్పగ చెప్పుకుంటడు. నేను "వద్దు" అన్నది ఆయన ఉద్యోగం గురించేనా, నా ముచ్చట బయటపడ్తదనా? రెండూ అనుకుంట.

నేను వద్దన్నది వంటింట్ల మా ఆమె విన్నది. ఆమె నలభై ఏండ్లు బీడీలు చుట్టింది. "ఏమయ్యా, నీ సంప్ల పద్నాలుగు నెలలు మనం దేనిమీద తిన్నం?" అన్నది. "బీడీల మీద. ఆ బీడీల మజూరి కార్ఖానావాళ్లు వాళ్లంతట వాళ్లు పెంచిండ్రా? మంచి బీడీలను బాగలేవని పక్కకు తీసేస్తుంటె అడిగిందెవరు? ఈ ఇల్లు ఎట్ల వచ్చింది?"

ఆమెకు నేను ఏం జవాబు చెప్పాలె? మేము ఉండేది కుంభారిల గోదూతాయి పరుళేకర్ వసాహత్‌ల. బీడీ ఆడోళ్లకు పదివేల ఇండ్లు. నర్సయ్య ఆడం మాస్తర్ వెంబడి వాళ్లు మోర్చాల మీద మోర్చాలు తీస్తే వచ్చినయి. మా ఆమె ఎండల నడిచి నడిచి చెప్పులు తెంపుకున్నది. నేనప్పుడు పవర్‌లూమ్‌ల టవల్ సాచా మీద ఉన్న, "ఎందుకీ తిరుగుడు" అని తిట్టేటోణ్ని. ఇప్పుడు ఆ ఇంట్లనే కూసొని రాస్తున్న.

అల్లుడు తన కష్టం ఎక్కువ చెప్పే మనిషి కాదు. ఆ రాత్రి అడిగితే చెప్పిండు. ఆయనది 108 బండి కాదు. 108 బండ్లు హైదరాబాదుల 2005ల మొదలైనయి, మన మహారాష్ట్రకు 2014ల వచ్చినయి. ఈయనది ప్రైవేటు కాంట్రాక్టర్ బండి. పన్నెండు గంటల డ్యూటీ అని పేరు, పొద్దుటి మనిషి రాకపోతే ఇరవై నాలుగు. పీఎఫ్ కోస్తరు, మొబైల్ల పాస్‌బుక్ చూస్తే ఏడు నెలలు ఖాళీ. కాంట్రాక్టర్ మారితే పాత సర్వీసు సున్నా. మోహోళ్ కాడ ఒక తెల్లవారుజామున కండ్లు మూసుకపోయి బండి డివైడర్‌కు తాకింది. లోపల కాన్పు మనిషి, ఆమె తల్లి. దేవుని దయ, ఎవరికీ ఏం కాలేదు. బంపర్‌కని ఆరువేలు పగార్ల కోసిండ్రు. అంతకుముందు ఎన్ని గంటలు నిద్ర లేకుండ నడిపినవని మాత్రం ఎవరూ అడుగలేదు.

"కని మామా, మా వాళ్లల్ల కొందరికి ఒక భయం ఉన్నది," అన్నడు. "యూనియన్ అంటె సంప్. సంప్ అంటె బండి ఆగాలె. బండి ఆగితే మనిషి చస్తడు. అది మాతోని కాదంటున్రు."

ఆ మాట నన్ను నిద్రపోనియ్యలేదు. సాచా ఆగితే గుడ్డ ఆగుతది, సేఠ్‌కు నష్టం, మాకు ఉపాసం. అంబులెన్స్ అట్ల కాదు. వాళ్ల భయం న్యాయమైనదే. అయితే మోహోళ్ కాడ ఆ కాన్పు మనిషిని చావు అంచుకు తీసుకపోయింది సంప్ కాదు గద! నిద్రలేని డ్రైవరు. గంటలు తగ్గించమని ఒక్కడు పోయి అడిగితే తెల్లారి ఇంట్ల కూసుంటడు. అరవైమంది పేరుమీద కాగితం పోతే జవాబన్న రాయాలె.

ఇంకొకటి యాదికొచ్చింది. బొంబాయిల మా పెద్ద దుఃఖం యూనియన్ ఉండుడు కాదు. 1946 నాటి చట్టం ప్రకారం అక్కడి బట్ట మిల్లులన్నింటికి గుర్తింపు ఒక్క యూనియన్‌కే. మేమంత డాక్టర్ వెంబడి ఉన్నా, మా తరఫున సంతకం పెట్టే హక్కు ఆ యూనియన్‌దే. మీకెవరు కావాల్నని ఓటు పెట్టి మమ్మల్ని ఎవరూ అడుగలేదు. ఈ పిల్లలు ఓటు పెట్టుకుంటున్రు. మాకు దొరకనిదాన్ని నేనే వద్దంటినా?

పొద్దున అల్లుడు చాయ్ తాగుతుంటె వ్యాను ముచ్చట మొత్తం చెప్పిన. మా ఆమెకు తెలిసిందే, తల వంచుకొని గిన్నె తోముతున్నది. అల్లుడు చానాసేపు ఏమనలేదు. తర్వాత, "అప్పుడు అక్క ఎన్ని నెలలది, మామా?" అని అడిగిండు. మా పెద్దబిడ్డ గురించి. ఆరు నెలలదని చెప్పిన. "అట్లనా," అన్నడు. నా వైపు చూసిన ఆ చూపు మా మేనమామ చూపులెక్క లేదు. అంతకన్న నాకు తెల్వది.

తర్వాత నాకు తోచింది చెప్పిన. చేరుండ్రి. కని చేరే రోజే ఒక మాట రాసుకోండ్రి, పేషెంట్ కాల్ వచ్చిన బండి ఎన్నడూ ఆగదని. నల్లరిబ్బన్ కట్టుకొని నడుపుండ్రి, డ్యూటీ లేనోళ్లు లేబర్ ఆఫీసు ముందర కూసోండ్రి. సంప్‌కు ముందు పద్నాలుగు రోజుల నోటీసు ఇయ్యాల్నని చట్టం ఉండనే ఉన్నది, ఆ పద్నాలుగు రోజులల్లనే సగం పనులు అయితయి. చందాకు రశీదు ఉండాలె, లెక్క నెలకొకసారి అందరి ముందర చదవాలె. కాగితాలన్నీ జిరాక్స్ తీసి ఇంట్ల పెట్టుకోవాలె. ఓటు చేతులెత్తి పెట్టొద్దు, చిట్టీల మీద పెట్టుండ్రి. భయపడేటోనికి గూడ ఒక ఓటు ఉన్నది. రేపు ఎవడన్న నాలెక్క వ్యాను ఎక్కితే వాన్ని మనిషిలెక్కనే చూడుండ్రి.

ఆదివారం కన్నా చౌక్ దిక్కు నలభై ఒక్కమంది కూడిండ్రు. చిట్టీలు వేయనీకి మా ఆమె తన బీడీ ఆకుల రేకు డబ్బా ఇచ్చింది. ముప్పై ఒకటి చేరుదామని, తొమ్మిది వద్దని, ఒక చిట్టీ ఖాళీ. ఆ ఖాళీ చిట్టీ ఎవరిదని వాళ్లు ఒకరినొకరు అడుక్కోలేదట. అది నాకు మంచిగనిపించింది.

మూడో రోజు, మీటింగుల గట్టిగ మాట్లాడిన పిల్లగాన్ని అక్కల్‌కోట్ రాత్రి డ్యూటీకి వేసిండ్రు. యూనియన్ పేరు మీద మొదటి కాగితం దాని గురించే పోయింది. రెండో కాగితం పీఎఫ్ ఏడు నెలల గురించి. జవాబు ఇంకా రాలేదు. వచ్చే నెల రెండో ఆదివారం మళ్ల కూడుతున్నరు, అదే జాగల, పొద్దున పదింటికి. మీ ఇంట్ల బండి నడిపే పిల్లలుంటె, అప్పుడు వద్దని చిట్టీ వేసినోళ్లయినా సరే, పంపుండ్రి.