ధూమం లేని అగ్ని

పర్వతంపై ధూమాన్ని చూచి అగ్నిని ఊహించడమనే తర్కశాస్త్ర దృష్టాంతాన్ని ఎందరో శిష్యులకు బోధించాను. అయినా గత కార్తికంలో మా ఆలయ మండపాన నాలుగు దినాలు కమురు వాసన వస్తుంటే, దీపపు వత్తులదేనని ఉపేక్షించాను.

జ్వాలాతోరణానికి ముందురోజు విద్యుత్ తనిఖీకి ఒక యువకుడు థర్మల్ కెమెరాతో వచ్చాడు. “పంతులుగారూ, దీపాలన్నీ వేయించండి. భారం మోసేటప్పుడే దోషం బయటపడుతుంది” అన్నాడు. స్విచ్‌బోర్డు తెరువగా, ఒక తీగ సంధి తెరపై తెల్లగా జ్వలించింది: 94 డిగ్రీలు. ప్రక్క సంధులు 38. మర వదులైనచోట నిరోధం పెరిగి విద్యుత్తు ఉష్ణమవుతుందట. నా కంటికి మాత్రం ఆ తీగ యథాపూర్వంగానే ఉంది. మూరెడు దూరంలో తాటాకు పందిరి!

ఎరుపు వర్ణానికి ఆవల అదృశ్య కిరణాలున్నాయని 1800లో విలియం హెర్షెల్ ఉష్ణమాపకంతో గ్రహించాడు. ఆ జాతి కిరణాలనే ఈ యంత్రం చిత్రంగా మారుస్తుంది.

యంత్రదృష్టికీ భ్రాంతి ఉంది. గర్భాలయ ద్వారపు ఇత్తడి తొడుగులో ఒక ఉష్ణమూర్తి కనిపించింది. విచారిస్తే అది నా దేహపు వేడిమికి ప్రతిబింబం. మెరుగుపెట్టిన లోహం తన వేడిని స్వల్పంగానే వెలువరించి, ఎదుటివారి వేడిని ప్రతిఫలిస్తుంది. అధ్యాసకు ఇదొక చక్కని ఉదాహరణ.

విద్యుత్తు ఆపి మర బిగించారు. మరల చూస్తే సంధి చల్లబడింది. హేతువు నాలుగు దినాలు నాసికకు అందినా విచారించని దోషం నాదే. ఇప్పుడు ధూమాగ్నుల పాఠం చెప్పేటప్పుడు, ఈ నా ప్రమాదాన్ని కూడా శిష్యులకు చెబుతున్నాను.